మా ఊరి మహిళా సంఘం ధాన్యం కొనుగోలు కేంద్రం: తూకం దగ్గర నమ్మకం, లారీ కదిలాక దిగులు

నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మా ఊరిలో గ్రామ మహిళా సంఘం ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం, పల్లె మహిళల పొదుపు సంఘాల కార్యక్రమం) తరఫున ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని నడుపుతోంది. 2025 వానకాలంలో పండిన దొడ్డు వడ్లను నేను అక్కడే అమ్మాను. తూకంలోనూ లెక్కలోనూ ఈ కేంద్రం మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. ధాన్యం మిల్లుకు చేరాక జరిగే వాటి మీద మాత్రం సంఘానికి ఏ పట్టూ లేదు, ఆ లోటు రైతుకు బరువుగానే తగులుతుంది.

మా ప్రాంతంలో సన్నాలు పండించినవారిలో చాలామంది కోత కోసిన పచ్చి ధాన్యాన్నే ట్రాక్టర్లకెత్తి మిర్యాలగూడ మిల్లులకు తీసుకుపోతారు. ఆరబెట్టే శ్రమ తప్పుతుంది కానీ, టోకెన్ల కోసం పడిగాపులు పడాలి, మిల్లు గేటు దగ్గర చెప్పిన ధరకు తలొగ్గాలి. దొడ్డు వడ్లు పండించినవారికి ఊరి వ్యాపారి గానీ, కొనుగోలు కేంద్రం గానీ దిక్కు. పెట్టుబడికి అప్పిచ్చిన వ్యాపారికే పంట కూడా అమ్మవలసివచ్చినప్పుడు ధర అడిగే నోరు రైతుకు ఉండదు. కేంద్రంలో మద్దతు ధర గోడ మీదే రాసి ఉంటుంది కనుక ఆ బేరమే ఉండదు; 2025-26లో ఏ-గ్రేడు ధాన్యానికి అది క్వింటాలుకు 2,389 రూపాయలు. సన్నాలకు రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించాక, వాటిని పండించినవారు కూడా కొందరు ఇటు మళ్లుతున్నారు.

పద్ధతి ఇలా ఉంటుంది. కుప్ప పోయగానే పుస్తకంలో పేరు రాసి సీరియల్ నంబరు ఇస్తారు. తేమ 17 శాతానికి దిగేదాకా కాంటా పెట్టరు. హార్వెస్టర్‌తో కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి కనుక రోజూ నెరుపుతూ ఆరబెట్టక తప్పదు. తాలు, చెత్త ఉంటే తూర్పార పట్టే యంత్రంలో మళ్లీ పోయమంటారు. ఇది కొందరికి కోపం తెప్పిస్తుంది. మట్టి, రాళ్లు 1 శాతం, గడ్డి గాదం వంటివి 1 శాతం మించకూడదన్నది కొనుగోలు నిబంధన. కేంద్రంలో శుభ్రం చేయని ధాన్యానికి మిల్లులో తరుగు పేరిట అంతకంత పోతుంది కాబట్టి, సంఘం అక్కలు ఈ విషయంలో మొండిగా ఉండడమే రైతుకు మేలని నా అభిప్రాయం.

అన్నిటికంటే నాకు నచ్చింది కాంటా. నలభై కిలోల బస్తాకు గోనె సంచి బరువు కింద 600 గ్రాములు కలిపి 40.6 కిలోలు తూచాలి. బస్తాకు ఒక కిలో అదనంగా పోతే రైతుకు సుమారు 24 రూపాయల నష్టం. వంద క్వింటాళ్లంటే 250 బస్తాలు, అంటే దాదాపు ఆరు వేల రూపాయలు ఎవరికీ కనిపించకుండా జారిపోతాయి. కాంటా దగ్గర కూర్చున్న అక్క ప్రతి రైతుతోనూ "అన్నా, అంకె నువ్వే చూసుకో, చూసినంకనే బస్తా కుట్టిస్త" అని చెప్పడం విన్నాను. ఆమె మా వాడకట్టు మనిషే, ఆమె ఇంటి వడ్లు కూడా అదే కుప్పల వరుసలో ఉన్నాయి. బయటివాడి కాంటా దగ్గర నోరు మెదపని మా ముసలి రైతులు సైతం ఇక్కడ ఒంగి అంకె చూస్తారు, అనుమానం వస్తే రెండోసారి తూయమంటారు. ఊరి సొంత సంస్థ ఊరికి చేసే మేలు ఇంతకన్నా స్పష్టంగా నాకు వేరెక్కడా కనబడలేదు.

సంఘానికి క్వింటాలుకు 32 రూపాయల కమీషన్ వస్తుంది. పది వేల క్వింటాళ్లు కొంటే అది 3,20,000 రూపాయలు అవుతుంది. కేంద్రం ఖర్చులు, పనిచేసిన సభ్యుల కూలి పోగా మిగిలినది సంఘం నిధిలో చేరుతుంది. ఒకప్పుడు దళారి జేబులోకి పోయిన లాభం ఇప్పుడు ఊరి ఆడవాళ్ల పొదుపులోకి వస్తోంది. తేమ యంత్రం పట్టడం, ట్యాబ్‌లో రైతు వివరాలు నమోదు చేయడం, లారీకెత్తిన ధాన్యం లెక్క చూపే ట్రక్ షీట్ రాయడం వంటి పనులన్నీ వీఓఏ (గ్రామ సంఘం సహాయకురాలు), సభ్యులు కలిసి తప్పు లేకుండా చేస్తున్నారు.

ఇక లోటు సంగతి. లారీలు వేళకు రావు. తూకం వేసి కుట్టిన బస్తాలు కేంద్రంలోనే పడి ఉంటే, మబ్బు పట్టిన ప్రతిసారీ రైతే పరదాలు పట్టుకుని పరుగెత్తాలి. మా ధాన్యం దిగిన మిల్లులో తేమ ఎక్కువుందంటూ బస్తాకు కొంత తరుగు తీయాలని పట్టుబట్టారు, అదీ కేంద్రంలో తేమ చూసి, తూకం వేసి, ట్రక్ షీట్ రాసిన తరువాత. మిల్లులో దిగుమతి నమోదైతేగానీ డబ్బు చెల్లింపు ముందుకు కదలదు కనుక, లారీ తిరిగొస్తుందేమోనన్న భయంతో చాలామంది ఒప్పుకుంటున్నారు. ఆ తరుగు మాట రైతుకు చెప్పవలసింది సంఘం అక్కలే, తిట్లు పడేదీ వాళ్లే. కేంద్రంలో రాసిన తూకమే తుది తూకంగా నిలిచేలా, వివాదం వస్తే రైతు ఎదుటే మళ్లీ కొలిచేలా అధికారులు గట్టిగా నిలబడాలి. లేకపోతే ఈ ఆడవాళ్లు కష్టపడి సంపాదించిన నమ్మకాన్ని మరొకరు ఖర్చు చేసినట్టవుతుంది.

కౌలు రైతుల ఇబ్బంది వేరు. నమోదుకు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా కావాలి. పట్టా మరొకరి పేరు మీద ఉన్నప్పుడు భూ యజమాని సహకరిస్తేనే పని సాగుతుంది. వ్యవసాయ విస్తరణ అధికారితో మాట్లాడి కౌలుదారుల పంటను ముందే నమోదు చేయించే పనిని సంఘం తలకెత్తుకుంటే బాగుంటుంది, ఎవరు ఏ చెలకను, ఏ మడిని కౌలుకు చేస్తున్నారో సంఘం అక్కలకంటే బాగా తెలిసినవారు ఊళ్లో లేరు.

యాసంగి వడ్లు కూడా ఇక్కడికే తెస్తాను. అప్పటికి కేంద్రం దగ్గర నీడకు ఒక రేకుల షెడ్డు, పొద్దంతా అక్కడే పనిచేసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి, తాగునీరు ఏర్పాటు చేయడం ముందు జరగాలి. ఏప్రిల్, మే ఎండల్లో టార్పాలిన్ కింద కూర్చుని కాంటా నడపమనడం న్యాయం కాదు.