గిటార్ స్ట్రమ్మింగ్: చెయ్యి ఊపుతూనే ఉండాలా, మీటేటప్పుడే కదపాలా?

ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి, కాస్త కర్ణాటక సంగీతం నేర్చుకుని గిటార్ పట్టే పిల్లలు తిరుపతిలో కనిపిస్తుంటారు. ఆదితాళం ఎనిమిది అక్షరాలూ తడబడకుండా వేస్తారు. గిటార్ చేతికొచ్చాక మాత్రం లయ పరుగెడుతుంది. రెండు చేతులూ వాయిద్యం మీదే ఉంటే తాళం వేసే చెయ్యి ఇక మిగలదు కదా. ఆ పని కూడా మీటే చెయ్యే చేసుకోవాలి.

అందుకే స్ట్రమ్మింగ్‌లో, అంటే తీగలన్నీ కలిపి లయగా మీటేటప్పుడు, అవి మోగినా మోగకపోయినా కుడి చెయ్యి కిందికీ పైకీ ఊగుతూనే ఉండే పద్ధతి మేలంటాను. నిమిషానికి 80 బీట్ల పాటలో ఒక్కో బీటుకు 0.75 సెకన్లు. బీటు మీద కిందికి, సగంలో పైకి వెళ్లే చేతికి ఒక్కో కదలికకు 0.375 సెకన్లు. ఖాళీ వచ్చినచోట చెయ్యి తీగలకు తగలకుండా అదే వేగంతో దాటిపోతుంది. ఆ ఖాళీ ఎంతసేపో మనసులో లెక్కపెట్టనక్కర్లేదు. ఇంకో లాభం ఉంది. కిందికి మీటితే లావు తీగలు ముందు మోగుతాయి, పైకి మీటితే సన్నవి. అందుకే బీటు బరువుగా, ఆఫ్‌బీటు (రెండు బీట్ల మధ్య సగంలో పడే దెబ్బ) తేలిగ్గా వినిపిస్తాయి. పాటకు ఊపు వచ్చేది ఇక్కడే. అమెరికన్ ఫంక్ గిటారిస్ట్ నైల్ రాడ్జర్స్ వాయిస్తున్నప్పుడు చూడండి: ఎడమచేతి వేళ్లు వదులు చేసి ఎన్ని దెబ్బల్ని మూగగా చేసినా కుడి చెయ్యి ఆగదు.

మీటేటప్పుడే కదిపితే, ప్రతి ఖాళీ తర్వాతా కదలికను కొత్తగా మొదలుపెట్టాలి. స్టేజీ మీద టెన్షన్ ఉంటే అది ముందే మొదలైపోతుంది. అయితే బ్యాండంతా ఒక్క దెబ్బ కొట్టి ఠక్కున ఆగేచోట ఈ పద్ధతే సరైనది. అక్కడ ఊగే చెయ్యి తీగకు తగిలితే అందం పోతుంది.

అన్నీ కిందికే మీటడం మూడో దారి. గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో అమెరికాలోని కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరి దాదాపు 50 ఏళ్లు బీటుకొక దెబ్బ చొప్పున వాయించారు. అక్కడా చెయ్యి పైకి తిరిగొస్తూనే ఉంటుంది, తీగలకు తగలదంతే. వేగం పెరిగితే మాత్రం ఈ దారిలో చెయ్యి త్వరగా అలసిపోతుంది.

కాలు కూడా కలిపితే ఇంకా మంచిది. మన రాయలసీమ చెక్కభజనలో అడుగూ చెక్కా కలిసే పడతాయి, అంతమందీ ఒకే లయలో ఉండేది దానివల్లే.

శనివారం భజనలో గిటార్ కలపాలనుకునేవాళ్లు ముందు ఒక్క కార్డే (కలిపి మోగే స్వరాల గుంపు) పట్టుకుని, చెయ్యి ఊపుతూ, ఆవృతానికొక దెబ్బ మోగించకుండా దాటేస్తూ సాధన చేయండి. డోలక్ వేగం పెంచినప్పుడు ఊపు వెడల్పు తగ్గించి, మణికట్టు మీదికి తెచ్చుకోండి.