సోలమన్ నాట్: అల్లి, వాడి, ఉతికాక

లేసు అల్లడం నేర్చుకోవాలని ఉంది, కానీ క్రోషే సూది పట్టుకోవడమే కొత్త అనేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే కుట్టు ఒకటుంది. పేరు సోలమన్ నాట్. లవర్స్ నాట్ అని కూడా అంటారు, వీడియోల్లో ఏ పేరుతో వెతికినా దొరుకుతుంది. కొన్నేళ్ళుగా దీంతో అల్లుతున్నాను. ఒక కాటన్ స్టోల్, హాల్లో కిటికీకి కర్టెన్, టీపాయ్ మీదకి గుడ్డ, చలికాలానికి ఊలు మఫ్లర్ అల్లాను. అన్నీ రోజువారీ వాడకంలోనే ఉన్నాయి. ఎన్నోసార్లు ఉతికాను, సాగినవి సరిచేశాను, తెగినచోట అతికాను. మొదటి లేసు కుట్టుగా ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. అయితే ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ నిలబడదో వాడితేనే తెలిసింది.

ముందు కుట్టు సంగతి. దీనికి క్రోషేలో మొట్టమొదట నేర్చుకునే రెండు కుట్లు, చైన్ (గొలుసు కుట్టు), సింగిల్ క్రోషే (పొట్టి కుట్టు) వస్తే చాలు. సూది మీదున్న లూపును సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పొడుగు వచ్చేదాకా పైకి లాగాలి. సూదికి దారం చుట్టి ఆ పొడుగు లూపులోంచి బయటికి తీయాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, చేతిలో ఏముందో చూసుకోవాలి. ముందువైపు పక్కపక్కనే రెండు పోగులు ఉంటాయి, అవి మనం లాగిన లూపువి. వాటి వెనక విడిగా ఇంకో పోగు ఉంటుంది, అది ఇప్పుడే తీసిన దారం. సూది ముందున్న జంట పోగులకీ వెనకనున్న ఒంటి పోగుకీ మధ్యలో దూరాలి. అక్కడినుంచి దారం అందుకుని బయటికి తెస్తే సూది మీద రెండు లూపులు అవుతాయి. మళ్ళీ దారం చుట్టి రెండిట్లోంచీ లాగేస్తే ముడి పడుతుంది. ఇది ఒక సోలమన్ నాట్.

కష్టమంతా ఆ వెనక పోగు దగ్గరే. సూది జంట పోగుల మధ్య దూరినా, మూడిటి కిందనుంచి దూరినా ముడి పడినట్టే కనిపిస్తుంది. కాస్త లాగితే జారిపోతుంది, లూపు పొడుగు మారిపోతుంది. అందుకే కొత్తలో ప్రతి ముడినీ రెండువైపులా చిన్నగా లాగి చూడటం మంచిది. ఎడమచేతి బొటనవేలు, మధ్యవేళ్ళతో లూపును అడుగున పట్టుకుని, చూపుడువేలికి చుట్టిన దారాన్ని కొంచెం వెనక్కి జరిపితే ఒంటి పోగు విడిగా తేలుతుంది, సూదికి దారి దొరుకుతుంది. చాలా వీడియోల్లో ఈ భాగం కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. వేగం తగ్గించి పెట్టుకుని ఇదొక్కటీ మళ్ళీ మళ్ళీ చూడండి. నేర్చుకునేటప్పుడు లేత రంగు దారమే తీసుకోండి. రాత్రిపూట నల్లదారంతో వెనక పోగు వెతకడం కళ్ళకి పెద్ద శిక్ష.

ముడుల గొలుసు వచ్చాక వల అల్లడం సులువు. రెండు కొత్త ముడులు వేసి, కింది వరుసలో ఒక ముడి వదిలేసి, తర్వాతి ముడి దగ్గర సింగిల్ క్రోషేతో కలపాలి. ఆ కలిపేటప్పుడు ముడికి ఇటొకటి, అటొకటి సింగిల్ వేస్తే బాగా బిగుస్తుంది. నేనెప్పుడూ అలాగే వేస్తాను. చాలాకాలం వాడాక కూడా నా స్టోల్లో ఈ కూడళ్ళు కదలకపోవడానికి కారణం అదే. ఇంకో చిన్న కిటుకు ఉంది. మొదటి వరుసలోనూ అంచుల్లోనూ లూపులు కాస్త పొట్టిగా ఉండాలి, లోపలి గళ్ళకి వాటికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. అన్నీ ఒకే కొలతతో వేస్తే గుడ్డ పక్కలు వేలాడతాయి. ప్యాటర్న్ పుస్తకాల్లో ఈ సంగతి ఉంటుంది, వీడియోల్లో చాలామంది చెప్పరు. పుస్తకాలు చూసేవాళ్ళు మరొకటి గమనించాలి. అమెరికా ప్యాటర్న్‌లో సింగిల్ క్రోషే అని ఉన్నదే బ్రిటిష్ ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే. మన దగ్గర రెండు రకాలూ తిరుగుతుంటాయి కాబట్టి ముందు అది చూసుకుని మొదలుపెట్టాలి.

నాకు ఈ కుట్టులో అన్నిటికంటే నచ్చింది, లెక్కల టెన్షన్ లేకపోవడం. అనాసపండు ఆకారంలో వచ్చే పైనాపిల్ డిజైన్ లాంటివి మొదలుపెడితే చార్టు చూడాలి, చైన్లు లెక్కపెట్టాలి, మధ్యలో ఫోన్ వస్తే ఎక్కడున్నామో వెతుక్కోవాలి. ఇక్కడ రెండు ముడులు, ఒక కలుపు, అంతే. ఆ తీరిక వల్ల దృష్టంతా దారం ఎంత వదులుగా వస్తోంది, వేలు ఎంత నొక్కుతోంది అన్నదాని మీదే ఉంటుంది. మా పక్కింటి పిన్నిగారు నరసాపురం వైపు నుంచి వచ్చారు, చిన్నప్పటినుంచీ లేసు అల్లినావిడ. నా లూపులు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు వస్తుంటే చూసి, "దారాన్ని బిగపట్టకమ్మాయ్, వేలి మీద నడవనీ, దానికది వస్తుంది" అన్నారు. కొలత కోసం స్కేలు, పెన్సిలు పెట్టుకోమని చెప్పేవాళ్ళున్నారు, మొదటి వరుసలకి అది పనికొస్తుంది. కానీ ఎప్పటికీ వాటి మీదే ఆధారపడితే చేతికి అందాజు రాదు. నేను చూపుడువేలి మొదటి గణుపు దాకా లాగడం అలవాటు చేసుకున్నాను. ఆ అందాజు కుదిరాక పైనాపిల్, షెల్ కుట్లు నేర్చుకోవడం నాకు చాలా తేలికైంది, ఎందుకంటే వాటిల్లోనూ అందమంతా దారం సమంగా రావడంలోనే ఉంది.

దారం, సూది గురించి. నేర్చుకోవడానికి మెర్సరైజ్డ్ కాటన్ (మెరుపు, గట్టిదనం వచ్చేలా తయారుచేసిన నూలు) నాలుగు పోగులది, మూడు మిల్లీమీటర్ల సూది సరిపోతాయి. ఊలుకైతే నాలుగు మిల్లీమీటర్లు. పోనీ (Pony) అనే కంపెనీ అల్యూమినియం సూదులతో మొదలుపెట్టాను, ఇప్పటికీ వాటితోనే అల్లుతున్నాను. ఖరీదైన రబ్బరు పిడి సూదులు గంటలతరబడి కూర్చునేవాళ్ళకి వేళ్ళ నొప్పి తగ్గిస్తాయి, కుట్టులో తేడా మాత్రం నాకు కనిపించలేదు. సూది మొన మరీ గుండ్రంగా ఉంటే వెనక పోగు కింద దూరదు, కొనేటప్పుడు ఆ ఒక్కటీ చూసుకోండి. మోహైర్ లాంటి నూగు దారాలు అల్లాక చాలా బాగుంటాయి, కానీ విప్పాల్సి వస్తే నూగు ఒకదానికొకటి పట్టేసుకుని విడదు. కొత్తవాళ్ళు విప్పకుండా అల్లడం కుదరదు కాబట్టి దాన్ని తర్వాతకి ఉంచుకోండి. ముదురు రంగులు కొంటే ఒక మూర దారం తడిపి తెల్లగుడ్డలో చుట్టి చూడాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక మెరూన్ దారం తొలి ఉతుకులోనే రంగు వదిలి, పక్కనున్న తెల్ల అంచంతా గులాబీ చేసింది. షాపువాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

ఇక వాడకం. స్టోల్ ఎంత తేలిగ్గా ఉంటుందో చెప్పలేను. దారం తక్కువ పడుతుంది, పని తొందరగా తెములుతుంది, ముదురు రంగు బ్లౌజు మీద వేస్తే ఒక్కో గడీ స్పష్టంగా కనిపిస్తుంది. ఎండాకాలంలోనూ వేసుకోవచ్చు. ఇబ్బందల్లా తగులుకోవడం. పొడుగు లూపులు కాబట్టి గాజుల అతుకు, చెవి దిద్దుల కాడ, నల్లపూసల గొలుసు కొక్కెం, బండి తాళాలు, ఏది తగిలినా పోగు లాగేస్తుంది. రాళ్ళ గాజులు వేసుకున్న రోజు నేను ఈ స్టోల్ తీయను. పోగు బయటికొస్తే కత్తిరించకూడదు. మొండి సూది తీసుకుని, పక్క గళ్ళలోంచి ఒక్కొక్కటిగా ఆ వదులు వెనక్కి పంపితే నూటికి తొంభై పాళ్ళు సర్దుకుంటుంది. తెగితే అదే దారం ముక్క కట్టి ఆ గడిని మళ్ళీ అల్లాలి. ఇందుకోసం ప్రతి పనిలోనూ కొంచెం దారం మిగిల్చి దాచుకుంటాను.

కర్టెన్ విషయంలో మాత్రం నాకు పూర్తి తృప్తి లేదు. వేలాడదీసిన కొత్తలో ఎంతో బాగుంది, పొద్దున ఎండ గళ్ళలోంచి గోడ మీద పడితే చూస్తూ ఉండిపోవచ్చు. నెలలు గడిచేకొద్దీ పై వరుసలు సాగాయి. కింది బరువంతా మోసేవి అవే కదా. పైన గళ్ళు సన్నగా, పొడుగ్గా, కింద వెడల్పుగా తయారయ్యాయి. కిటికీ కిందిసగానికి పొట్టి కర్టెన్ అయితే ఇబ్బంది లేదు, నిలువెత్తు కర్టెన్‌కి ఇది తగదు. అలాగే తాళాలు, పర్సు వేసుకునే చేతిసంచికి వద్దు, గళ్ళలోంచి జారిపోతాయి. ఉల్లిపాయల సంచిగా మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. గాలి ఆడుతుంది, ఎంత నింపినా సాగి ఇముడ్చుకుంటుంది.

ఉతకడం చేత్తోనే. మిషన్‌లో వేయక తప్పదంటే దిండు గలేబులో పెట్టి మూతి కట్టి వేయాలి. పిండకూడదు, తువ్వాలులో చుట్టి అదమాలి. దండెం మీద వేయకుండా చాప మీద పరిచి, గళ్ళు చేత్తో సర్ది, అంచులు గుండుసూదులతో నిలిపి ఆరబెడితే కొత్తదానిలా తిరిగొస్తుంది. టీపాయ్ గుడ్డకి పల్చటి గంజి పెడతాను, గళ్ళు నిక్కి నిలబడతాయి. గంజి పెట్టినవి మడిచి బీరువాలో నెలలు ఉంచితే మాత్రం సిల్వర్‌ఫిష్ పురుగులు వస్తాయి, దాచేముందు గంజి పోయేలా ఉతికేయాలి. అక్రిలిక్ ఊలుకి ఇలా పరిచి ఆరబెట్టినా పెద్దగా ఆకారం నిలవదు. దాని మీద వేడి ఇస్త్రీ పెడితే మెత్తబడి చచ్చుబడిపోతుంది, ఇక కోలుకోదు.

ఈ కుట్టు పుణ్యమా అని నరసాపురం లేసును వేరే చూపుతో చూస్తున్నాను. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకి చేరిన విద్య అది. తరాలుగా ఆ ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటిపని చేసుకుంటూనే అల్లి విదేశాలకు పంపారు. 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. పిన్నిగారు చెబుతుంటారు, పువ్వులు అల్లేవాళ్ళు వేరు, వాటిని కలిపే అతుకుపని చేసేవాళ్ళు వేరు అని. ఇప్పుడు ఎగ్జిబిషన్‌లో బెడ్ కవర్ కనబడితే ముందు తిరగేసి అతుకులు చూస్తాను. సన్నదారంతో, వెంట్రుకంత తేడా రాకుండా అంత పని చేసిన చేతికి ఎంత ముడుతోందో తలుచుకుంటే బాధేస్తుంది. అక్కడ నేను బేరం ఆడను, మీరూ ఆడొద్దు.

మొదట ఏం అల్లాలని అడిగేవాళ్ళకి, సన్నటి మఫ్లర్ చెబుతాను. వెడల్పు తక్కువ కాబట్టి వరుసలు తొందరగా పెరుగుతాయి, ఉత్సాహం పోదు. అది చేతికొచ్చాక స్టోల్‌కి వెళ్ళొచ్చు. పసిపిల్లల దుప్పటి మాత్రం ఈ కుట్టుతో ఎవరూ అల్లొద్దు. నన్ను చాలామంది అడిగారు, అందరికీ కాదన్నాను. పొడుగు లూపుల్లో చిట్టి వేళ్ళు ఇరుక్కుని దారం బిగుసుకుంటే ప్రమాదం. వాళ్ళకి కంతలు లేని సింగిల్ క్రోషే దుప్పటి అల్లి ఇవ్వండి.