ఓడ గడియారమా, లారీ గడియారమా?

ఏ రేవు మంచిదో దేన్ని చూసి తేల్చాలని గుంటూరు మిర్చి ఎగుమతిదారు ఒకాయన చెన్నైలోని మా క్లియరింగ్ ఆఫీసుకు వచ్చి అడిగారు. కొలతలు రెండున్నాయి.

ఓడ వైపు: ఓడ రేవు హద్దుల్లోకి వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా పట్టిన సమయం. ప్రపంచ బ్యాంకు కంటైనర్ రేవుల సూచీ చూసేది దీన్నే. 2023 సూచీలో మన విశాఖకు 19వ స్థానం.

సరుకు వైపు: కంటైనర్ యార్డులో ఎన్నాళ్లు పడి ఉంది, లారీ గేటు బయట ఎంతసేపు ఆగింది, వాడుకునేవారు ఏమంటున్నారు.

ఖర్చు: మొదటిది చవక, ఓడలు తామెక్కడున్నదీ సంకేతాలతో తెలుపుతూనే ఉంటాయి. రెండోదానికి మనుషులను వెతికి అడగాలి.

శ్రమ: ఆర్‌ఎఫ్‌ఐడీ అనే రేడియో తరంగాలతో పనిచేసే గుర్తింపు ట్యాగులు వచ్చాక కంటైనర్ లెక్క తేలికైంది. డ్రైవర్ల మాట రాబట్టడమే కష్టం.

ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే. మొన్న మా లారీ ఒక టెర్మినల్ గేటు ముందు రాత్రంతా నిలబడింది. నెల్లూరు డ్రైవర్ స్టీరింగ్ మీదే తల వాల్చాడు. పిడికిట్లో టోకెన్ చీటీ చెమటకు తడిసి అంకె చెరిగిపోయింది. ఓడ మాత్రం వేళకే కదిలింది, దాని లెక్కలో ఈ రాత్రి లేదు. అలాగని అభిప్రాయాలనూ పూర్తిగా నమ్మలేం. ఆ ఉదయం మా డ్రైవర్‌ను అడిగి ఉంటే సున్నా వేసేవాడు.

ఓడలు నడిపేవారికి, ఓడలు ఆగే బెర్తులపై పెట్టుబడి పెట్టేవారికి ఓడ గడియారం చాలు. రొయ్యల కంటైనర్ పంపేవారికి లారీ గడియారమే దిక్కు. మిర్చి ఆయనకూ అదే చెప్పాను. ముందు గేటు దగ్గర ఒక పూట నిలబడి చూడమన్నాను.