వేడి దెబ్బ తిన్న మొక్కల కోసం రెండు యాంటీబాడీలు: హెచ్‌ఎస్‌పి 17.6, హెచ్‌ఎస్‌పి 101

హెచ్‌ఎస్‌పిలంటే వేడికి మొక్క తయారుచేసే రక్షక ప్రోటీన్లు (హీట్ షాక్ ప్రోటీన్లు). వెస్టర్న్ బ్లాట్ (జెల్‌లో వేరుచేసిన ప్రోటీన్‌ను యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) కోసం ఒక్క యాంటీబాడీకే డబ్బులుంటే, వాటిలో చిన్నవైన క్లాస్ 1 రకానికి చెందిన హెచ్‌ఎస్‌పి 17.6కి కుందేలు పాలీక్లోనల్ (ఒకే ప్రోటీన్‌లోని పలు చోట్లను పట్టే యాంటీబాడీల మిశ్రమం) తీసుకోండి. 22 డిగ్రీల్లో పెరిగిన అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క) ఆకులో ఈ ప్రోటీన్ బ్యాండ్ (బ్లాట్‌పై కనిపించే గీత) దాదాపు కనబడదు. 38 డిగ్రీల్లో గంటన్నర ఉంచితే దట్టంగా తేలుతుంది. హెచ్‌ఎస్‌పి 70 యాంటీబాడీతో ఇంత తేడా రాదు, ఆ కుటుంబం ప్రోటీన్లు వేడి లేకున్నా కణంలో పనిచేస్తూనే ఉంటాయి.

బ్యాండ్ రాలేదంటే యాంటీబాడీని తప్పుపట్టే ముందు నమూనా చూడాలి. హెచ్‌ఎస్‌పి 17.6 లాంటి చిన్న షాపరోన్లు (ఇతర ప్రోటీన్ల మడతను కాపాడే ప్రోటీన్లు) కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చు లేకుండా, మడత చెడుతున్న ప్రోటీన్లను అంటిపెట్టుకుని, మళ్లీ మడుచుకోగల స్థితిలో నిలబెడతాయి. వేడి మరీ ముదిరితే వాటితోపాటే కరగని ముద్దల్లో చేరతాయి. మామూలు బఫర్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేట ఒక్కటే లోడ్ చేస్తే 45 డిగ్రీల నమూనాలో బ్యాండ్ పలచబడుతుంది. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, అడుగున ఉంది! ద్రవ నైట్రోజన్‌లో పొడిచేసిన ఆకును నేరుగా 2 శాతం ఎస్‌డీఎస్ (ముద్దలను కూడా కరిగించే డిటర్జెంట్) బఫర్‌లో వేసి 95 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉంచండి. ప్రోటీన్ మొత్తం కొలవడానికి బ్రాడ్‌ఫోర్డ్ రంగు పరీక్ష పనికిరాదు, ఎస్‌డీఎస్ అడ్డుపడుతుంది. బీసీఏ అనే మరో రంగు పరీక్షతో కొలవాలి, అదీ దానికి అడ్డుపడే డీటీటీ (ప్రోటీన్లలోని గంధక బంధాలను తెంచే రసాయనం) కలపకముందే. లేన్‌కు 10–20 మైక్రోగ్రాములు, 15 శాతం జెల్, దాని నుంచి ప్రోటీన్లను ఎక్కించుకోవడానికి 0.2 మైక్రాన్ రంధ్రాల పొర. 0.45 పొరలోంచి ఇంత చిన్న ప్రోటీన్ జారిపోతుంది.

పైతేట, అడుగు విడివిడిగా నడిపిన బ్లాట్ ఇంకా విలువైనది. కోలుకునే గంటల్లో ప్రోటీన్ అడుగు నుంచి పైకి రావడం అందులో కనిపిస్తుంది. ముద్దలను విప్పేది హెచ్‌ఎస్‌పి 101. ఆరు ఉపభాగాల వలయం, ఏటీపీ వాడుతూ హెచ్‌ఎస్‌పి 70తో కలిసి పనిచేస్తుంది. రెండో యాంటీబాడీ దానికే కొనాలి. 8 శాతం జెల్ చాలు. ఆ ప్రోటీన్ లేని హాట్1-3 అనే ఉత్పరివర్తన మొక్క నమూనా ఒక లేన్‌లో తప్పనిసరి.

ఎండు విత్తనంలో ఈ రెండు ప్రోటీన్లూ వేడి తగలకుండానే ఉంటాయి. అందుకే మరీ లేత మొలకల్లో కంట్రోల్ (వేడి చేయని నమూనా) లేన్ శుభ్రంగా రాకపోవచ్చు. నిజమైన ఆకులు వచ్చాక మొదలుపెట్టండి. ప్లేట్లను మూసి నీటి తొట్టెలో వేడి చేయాలి. గాలి ఇంక్యుబేటర్‌లో అగర్ నెమ్మదిగా వేడెక్కుతుంది, చెప్పుకున్న గంటన్నరలో మొక్కకు అందేది తక్కువే.

ఒక లోటుంది: అరబిడాప్సిస్ క్లాస్ 1లోని ఆరు ప్రోటీన్లు బాగా పోలి ఉండటంతో 17.6 పాలీక్లోనల్ వాటిని వేరుచేయలేదు. ఏ జన్యువు ఎంత పలికిందో తెలియాలంటే ఆర్‌టీ-క్యూపీసీఆర్ (జన్యువు నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏను కొలిచే పద్ధతి) చేసుకోవాల్సిందే.