సర్వర్‌లోకి వెళ్లి చేయాలా, బయటి నుంచే చేయాలా? ఏది మేలు?

పొద్దున సీట్లో కూర్చోగానే నేను చూసేవి మూడే. రాత్రి బ్యాకప్ పూర్తయిందా, డిస్కుల్లో చోటుందా, నడవాల్సిన సర్వీసు ఏదైనా ఆగి ఉందా? ఇంత చిన్న పనికి కూడా విండోస్‌లో నాలుగు దారులున్నాయి. రిమోట్ డెస్క్‌టాప్‌తో (ఆర్‌డీపీ) సర్వర్‌లోకే లాగిన్ అవ్వచ్చు. మన మెషీన్‌లో, సర్వర్లను దూరం నుంచే చూసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఆర్‌శాట్ టూల్స్ వేసుకుని అక్కడి నుంచే చూడచ్చు. బ్రౌజర్‌లో విండోస్ అడ్మిన్ సెంటర్ తెరవచ్చు. లేదంటే కమాండ్లు, స్క్రిప్టులు నడిపే పవర్‌షెల్‌లో ఒక కమాండ్ కొట్టచ్చు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు దాదాపు అందరూ మొదటి దారే పడతారు. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను.

ఆర్‌డీపీలో ఉన్న సుఖం తెలిసిందే. సర్వర్ ముందు కూర్చున్నట్టే ఉంటుంది, కళ్లకు కనిపించేదే నమ్ముతాం. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. చిక్కులు తర్వాత మొదలవుతాయి. విండోస్ సర్వర్‌లో అడ్మిన్ పనికి ఒకేసారి ఇద్దరికే చోటు. పని అయ్యాక సైన్ అవుట్ కాకుండా మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి వెళ్లిపోతే ఆ సెషన్ డిస్‌కనెక్ట్ అవుతుందే తప్ప పోదు, ఆ ఇద్దరి లెక్కలోనే ఉంటుంది. అవసరం పడి మూడోవాడు వచ్చేసరికి లోపల చోటుండదు. అప్పుడు మన మెషీన్ నుంచే క్యూయూజర్ కమాండ్‌తో సెషన్ నంబరు తెలుసుకుని, లాగ్‌ఆఫ్ కమాండ్‌తో దాన్ని బయటికి పంపాలి. లోపల ఎవరైనా సేవ్ చేయని పని ఉంటే అది పోయినట్టే. కాబట్టి ముందు ఒక ఫోన్ చేయడం మంచిది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి తిన్నాను. ఒకసారి పాస్‌వర్డ్ మార్చుకున్నాక నా అకౌంట్ గంటకోసారి లాక్ అవడం మొదలైంది. ఫోన్‌లో మెయిల్ తీసేశాను, ల్యాప్‌టాప్‌లో దాచిన పాస్‌వర్డులన్నీ చెరిపేశాను. ఫలితం లేదు. ఆఫీసు లాగిన్‌లన్నీ సరిచూసే సర్వర్లను డొమైన్ కంట్రోలర్లు అంటారు. చివరికి వాటిలో లాకౌట్ల సమాచారం చేరే దాని (పీడీసీ ఎమ్యులేటర్) సెక్యూరిటీ లాగ్‌లో 4740 ఈవెంట్ వెతికాను. అకౌంట్ లాక్ అయిన ప్రతిసారీ ఆ ఈవెంట్ పడుతుంది, తప్పుడు పాస్‌వర్డ్ ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో కూడా అందులో ఉంటుంది. అక్కడున్నది నేను పూర్తిగా మర్చిపోయిన ఒక సర్వర్ పేరు. దాంట్లో పంతొమ్మిది రోజులుగా డిస్‌కనెక్ట్ అయి పడి ఉన్న సెషన్ నాదే. అందులో మ్యాప్ చేసిన డ్రైవ్ ఒకటి పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు కొడుతూ ఉంది. ఆ రోజే గ్రూప్ పాలసీలో, అంటే అన్ని మెషీన్లకూ ఒకేచోటి నుంచి సెట్టింగులు పెట్టే చోట, డిస్‌కనెక్ట్ అయిన సెషన్లకు కాలపరిమితి పెట్టేశాను.

తప్పు సర్వర్‌ని రీస్టార్ట్ చేయడం గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు కానీ, ఈ పనిలో ఉన్న చాలామందికి అది ఒకసారైనా జరిగే ఉంటుంది. రెండు కిటికీలు, రెండింట్లోనూ ఒకే నీలం డెస్క్‌టాప్. టెస్ట్ సర్వర్ అనుకుని నొక్కాను, పోయింది ఫైల్ సర్వర్. ఫోన్లు మోగడం మొదలయ్యాక ఈవెంట్ లాగ్ తెరిస్తే 1074, అంటే ఎవరు రీస్టార్ట్ చేశారో చెప్పే ఈవెంట్, పక్కనే నా పేరు. తర్వాత అన్ని సర్వర్లలోనూ బీజీఇన్ఫో పెట్టాను. సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఉచిత టూల్ అది, సర్వర్ పేరును వాల్‌పేపర్ మీదే పెద్దక్షరాల్లో చూపిస్తుంది.

భద్రత సంగతీ ఉంది. మామూలుగా ఆర్‌డీపీతో లాగిన్ అయితే మన గుర్తింపు వివరాలు ఆ సర్వర్ మెమరీలో ఉంటాయి. ఆ సర్వర్ అప్పటికే ఎవరి చేతిలోనైనా పడి ఉంటే, డొమైన్ అడ్మిన్ తాళాలు మనమే తీసుకెళ్లి ఇచ్చినట్టు. దూరంగా ఉన్న సర్వర్‌లో కమాండ్లు నడిపే పవర్‌షెల్ రిమోటింగ్ మామూలు సెట్టింగుల్లో నెట్‌వర్క్ లాగాన్‌గా వెళ్తుంది, పాస్‌వర్డ్‌ని అవతల వదిలి రాదు. ఇక ఆర్‌డీపీ వాడే 3389 పోర్టుని ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచడం గురించి వాదనే అక్కర్లేదు. 2019 మేలో ఆర్‌డీపీలోని బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, ఎప్పుడో మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

మరి పవర్‌షెల్? 2006లో వచ్చింది కాబట్టి దీన్ని కొత్తది అనడానికి లేదు. సర్వర్ 2012 నుంచి రిమోటింగ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, 5985 పోర్టు తెరిచి ఉంటే చాలు. దీని అసలు విలువ తెలిసేది నెలలో రెండో మంగళవారం ప్యాచులు విడుదలయ్యాక. నలభై సర్వర్లు రీబూట్ అవ్వాలి, ఏది అయిందో ఏది కాలేదో చూడాలి. ఆర్‌డీపీతో అయితే ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు. ఒకే కమాండ్‌ని చాలా సర్వర్లలో నడిపే ఇన్‌వోక్-కమాండ్‌కి సర్వర్ల పేర్లున్న టెక్స్ట్ ఫైల్ ఇచ్చి, చివరిసారి బూట్ అయిన సమయం అడిగితే, మామూలుగా ఒక్కసారికి 32 సర్వర్లతో మాట్లాడుతుంది. టీ కప్పు చేతిలోకి తీసుకునేలోపు జాబితా వచ్చేస్తుంది. జవాబివ్వనివి ఎర్రక్షరాల్లో కనిపిస్తాయి, ఆ రెండో మూడో చూసుకుంటే చాలు.

అయితే ఇక్కడ పని ఎంత వేగమో తప్పూ అంతే వేగం. తొంభై రోజులుగా లాగిన్ అవ్వని అకౌంట్లను డిసేబుల్ చేయడానికి ఒకసారి స్క్రిప్ట్ రాశాను. చివరి లాగాన్ తేదీ ఫలానా రోజు కన్నా చిన్నదైతే మూసేయమన్నాను, చూడడానికి ఏ తప్పూ లేదు. అలవాటు కొద్దీ చివర వాట్‌ఇఫ్ (నిజంగా చేయకుండా ఏం జరుగుతుందో మాత్రం చూపించే మాట) తగిలించి నడిపితే, వచ్చే వారం చేరబోయే కొత్త ఉద్యోగుల పేర్లన్నీ జాబితాలో కనిపించాయి! ఒక్కసారి కూడా లాగిన్ అవ్వలేదు కాబట్టి వాళ్ల తేదీ ఖాళీ. ఖాళీ విలువను పవర్‌షెల్ ఏ తేదీ కన్నా అయినా చిన్నదిగానే లెక్కేస్తుంది. ఆ ఒక్క మాట తగిలించకపోయి ఉంటే సోమవారం పొద్దున నా పరిస్థితి ఊహించుకోండి. పైగా ఆ తేదీ డొమైన్ కంట్రోలర్లలో వెంటనే మారదు, తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులు వెనకబడి ఉండచ్చు. పది రోజుల లెక్కలకు దాన్ని నమ్మకండి.

ఇంకో తలనొప్పి డబుల్ హాప్. మన మెషీన్ నుంచి ఒక సర్వర్‌లోకి రిమోటింగ్‌తో వెళ్లి, అక్కడి నుంచి మరో సర్వర్ షేర్‌లో ఫైల్ కాపీ చేయబోతే యాక్సెస్ డినైడ్ అంటుంది. పర్మిషన్లు అన్నీ సరిగ్గానే ఉంటాయి. మన గుర్తింపు రెండో అడుగుకి వెళ్లకపోవడమే కారణం. పాస్‌వర్డ్ అవతల వదిలి రాదని పైన మెచ్చుకున్నాం కదా, దాని ఖరీదే ఇది. ఇది తెలియక ఒక మధ్యాహ్నం అంతా ఫోల్డర్ పర్మిషన్లతో కుస్తీ పట్టాను. ఆర్‌డీపీలో ఈ బెడద లేదు.

మిగిలిన రెండింటి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఒక్కరి పాస్‌వర్డ్ రీసెట్ చేయాలన్నా, ఒకరిని గ్రూప్‌లో చేర్చాలన్నా ఆర్‌శాట్‌లోని యూజర్స్ అండ్ కంప్యూటర్స్ కిటికీ చాలు. దానికి కూడా స్క్రిప్ట్ రాస్తూ కూర్చునేవాళ్లను చూశాను, అదొక జబ్బు. విండోస్ 10 1809 వెర్షన్ నుంచి దీన్ని విడిగా డౌన్‌లోడ్ చేసే పని కూడా లేదు, ఆప్షనల్ ఫీచర్లలోనే ఉంటుంది. విండోస్ అడ్మిన్ సెంటర్ 2018లో వచ్చింది, ఉచితం. డెస్క్‌టాప్ లేని సర్వర్ కోర్ మెషీన్లకు ఇది బాగా పనికొస్తుంది. నాకు దాంట్లో నచ్చింది మాత్రం పైన ఉండే చిన్న పవర్‌షెల్ గుర్తు. మనం చూస్తున్న పేజీ వెనక నడిచే స్క్రిప్టులను అది చూపిస్తుంది. కొత్తవాళ్లకు అంతకన్నా మంచి పాఠం ఉండదు. నెమ్మదిగా తెరుచుకుంటుంది, అదొక్కటే విసుగు. డొమైన్ కంట్రోలర్ మీద మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి, దానికి మద్దతు లేదు.

ఒకే సమస్యకు రెండు దారులూ పెట్టి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక వెబ్ సర్వర్‌లో సి డ్రైవ్ పూర్తిగా నిండిపోయింది. ఆర్‌డీపీతో వెళ్తే ప్రొఫైల్ తయారు చేయడానికే చోటు లేదు, టెంపరరీ ప్రొఫైల్‌తో ఏదో సగం సగం తెరుచుకుంది. ప్రతి క్లిక్‌కీ నిమిషం. దాన్ని వదిలేసి, రిమోటింగ్‌తో ఒక సర్వర్‌లోకి వెళ్లే ఎంటర్-పీఎస్‌సెషన్ కొట్టాను. వరుస మొదట్లో బ్రాకెట్లలో ఆ సర్వర్ పేరు వచ్చింది, కాబట్టి ఎక్కడున్నానో అన్న అనుమానం లేదు. ఫోల్డర్ల సైజులు లెక్కేస్తే దొరికింది ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) లాగ్ ఫోల్డర్. పాత లాగ్ ఫైళ్లను ఐఐఎస్ తనంతట తాను తీసేయదు, మూడేళ్లవి అలాగే ఉన్నాయి. తొంభై రోజులు దాటినవి తీసేయమంటూ ఒక వరుస రాసి, ముందు వాట్‌ఇఫ్‌తో చూసుకుని, తర్వాత నడిపాను. దాన్నే షెడ్యూల్డ్ టాస్క్‌గా పెట్టాక ఆ సర్వర్ మళ్లీ నన్ను పిలవలేదు.

అలాగని ఆర్‌డీపీని మూసేయమని నేను అనను. రిమోటింగ్‌ని నడిపించే విన్‌ఆర్‌ఎం సర్వీసే మొరాయించిన రోజున లోపలికి వెళ్లడానికి ఇంకో తలుపు కావాలి కదా. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలర్లు నెక్స్ట్ బటన్ నొక్కితే తప్ప కదలవు. నా లెక్క ఇప్పుడు ఇలా ఉంది. పని ఒక్క మనిషి అకౌంట్‌తో అయితే ఆర్‌శాట్. ఎప్పుడూ ముట్టుకోని సర్వర్‌ని ఒకసారి చూడాలంటే అడ్మిన్ సెంటర్. మూడు సర్వర్లు దాటితే, లేదా అదే పని వచ్చే నెలా చేయాల్సి ఉంటే పవర్‌షెల్. ఈ వారం ఆర్‌డీపీ తెరిచింది ఒక్కసారే, అదీ అలాంటి ఒక మొండి ఇన్‌స్టాలర్ కోసం. ఎనిమిది సార్లు నెక్స్ట్ నొక్కి, చివర ఫినిష్ నొక్కి, సైన్ అవుట్ అయి మరీ బయటికి వచ్చాను.