జూనియర్లకు ఉచిత టికెట్లు: ముందు అడిగినవారికా, వంతుల వారీగానా?

క్లబ్‌లో పేరు నమోదు చేసుకున్న జూనియర్లందరికీ మ్యాచ్ టికెట్ ఉచితమని చెప్తారు. తీరా చూస్తే పిల్లలు ఎక్కువ, టికెట్లు తక్కువ. అప్పుడు ఎలా పంచాలి?

ముందు అడిగినవారికి ఇవ్వడం నిర్వాహకులకు సులువు. గ్రూపులో ఒక మెసేజ్ పెడితే పని అయిపోతుంది. కానీ అక్కడ పోటీ పడేది పిల్లలు కాదు, వాళ్ల అమ్మానాన్నల ఫోన్లు. పొద్దున పదకొండింటికి మెసేజ్ వస్తే ఆఫీసులో కూర్చున్నవాళ్లు వెంటనే "మాకు రెండు" అని కొట్టేస్తారు. ఫోన్ లాకర్‌లో పెట్టి షిఫ్టుకెళ్లిన తల్లి సాయంత్రం చూసేసరికి టికెట్లన్నీ అయిపోతాయి. ఒక్క ప్రాక్టీసూ మానని ఆమె కూతురికి ప్రతిసారీ ఇదే జరిగితే, ఆ పిల్ల అడగడమే మానేస్తుంది. నాకు బాధ కలిగించేది అదే.

వంతుల పద్ధతిలో జాబితా రాసి గోడకు అంటించాలి, ఎవరు వెళ్లొచ్చారో గుర్తు పెట్టుకోవాలి. కాస్త శ్రమే. ఇందులోనూ ఒక చిక్కుంది: ఒకరి వంతుకు ఫైనల్ వస్తుంది, ఇంకొకరికి ఎవరూ పట్టించుకోని మ్యాచ్. అందుకే పెద్ద మ్యాచ్‌లకు పిల్లల ముందే చీటీలు తీయాలి. రాలేనివాళ్ల టికెట్ జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లాలి, కోచ్‌కు తెలిసినవాళ్లకు కాదు.

నేనైతే వంతులకే ఓటేస్తాను. అయితే ఏ పద్ధతి పెట్టినా, చిన్నపిల్లలు ఒంటరిగా వెళ్లలేరు కదా! వెంట వచ్చే పెద్దవాళ్ల టికెట్ సంగతి కూడా మాటిచ్చేటప్పుడే చెప్పాలి.