‘230కి మార్చిన’ పాత అప్‌రైట్ వాక్యూమ్ క్లీనర్: మీటరు పెట్టించకుండా డబ్బు పంపకండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వాళ్ళందరికీ చెబుతున్నా. ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. అల్యూమినియం తల, వెనక గుడ్డ సంచీ, ముందు చిన్న లైటు, ‘పాత అమెరికా మిషను, మన కరెంటుకి కొత్తగా’ అని. మోసపోయింది ఇంకెవరో కాదు, నేనే. పదకొండున్నర వేలు ముందే పంపేశాను. మూడో రోజు జంపఖానా మీద తిప్పుతుంటే వార్నిష్ కాలిన వాసన, మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పులు, ఆ తర్వాత చప్పుడు లేదు.

హ్యాండిల్ మీద స్విచ్చు మూత విప్పితే, నల్ల టేపు చుట్టి శనగ గింజ కంటే కాస్త పెద్ద డయోడ్ ఒకటి, కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్క. నంబరు 6ఏ10. బజార్లో పది పదిహేను రూపాయల సరుకు. వాళ్ళ ‘కన్వర్షన్’ మొత్తం అదే!

మోటారు ప్లేటు మీద 120 వోల్టులని ఉంది. డయోడ్ పెడితే 230లో సగం, 115 వస్తుందని వీళ్ళ లెక్క. రాదు బాబూ. అర తరంగం కోసేస్తే 230ని రెండుతో కాదు, 1.414తో భాగించాలి. వచ్చేది 163. అంటే 36 శాతం ఎక్కువ. వేగమూ కరెంటూ రెండూ పెరుగుతాయి, పీల్చుడు అదిరిపోతుంది. వీడియోలో ఆ జోరు చూసే కదా మనం మురిసిపోయింది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే మొదట ‘మీ ఊళ్ళో వోల్టేజి ఎక్కువండి’ అన్నాడు. ప్లగ్గు దగ్గర మీటరు 228 చూపిస్తోంది, ఫోటో పెట్టాను. డయోడ్ ఫోటో కూడా పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. కాసేపాగి వాడే చేశాడు: ‘ఏటండి, విప్పేశారా? విప్పితే వారంటీ పోయినట్టే కదండి.’ విప్పకపోతే ఆ డయోడ్ కనపడేదెలా అన్నాను. ‘అందుకే విప్పకూడదండి’ అన్నాడు. పక్కనెవరో నవ్వారు. మోటారు కాలినప్పటికన్నా ఆ నవ్వుకి ఎక్కువ మండింది.

తెలివితక్కువ నాదే. ‘రీవైండింగ్ (మోటారు తీగ మళ్ళీ చుట్టడం) చేశారా’ అని నోటితో అడిగి, ‘ఆ’ అంటే నమ్మాను. అసలు 230కి మార్చాలంటే ఆర్మేచరూ (తిరిగే భాగం) ఫీల్డూ (కదలని భాగం) రెండూ విప్పి, చుట్లు 1.9 రెట్లు చేసి, తీగ అడ్డుకోత వైశాల్యం దాదాపు సగానికి తగ్గించి చుట్టాలి. బ్రష్‌లు ఆనే రాగి పట్టీల చక్రం, అదే కమ్యుటేటర్, దాని దగ్గర ప్రతి కొసా మళ్ళీ అతకాలి. ఆ కూలీ, మిషనూ, ట్రాన్స్‌పోర్టూ కలిపి పదకొండున్నర వేలకి ఎవడిస్తాడు? ఈ లెక్క ఇప్పుడు గుర్తొచ్చింది.

ఇంకోటి. ఒళ్ళంతా లోహం, వైరు మాత్రం రెండు కోర్లది. ప్లగ్గుకి మూడు పిన్నులున్నాయి గానీ పెద్ద పిన్నుకి, అంటే ఎర్త్‌కి, లోపల ఏమీ తగిలించలేదు. తడి నేల మీద చెప్పుల్లేకుండా ఇది పట్టుకుంటే డబ్బుతో పోదు. సంచీకి ‘హెపా’ (సన్న దుమ్ము కూడా ఆపే ఫిల్టరు) అని స్టిక్కరు సరే. ఈ రకంలో దుమ్ము ముందు ఫ్యాను గుండా పోయి, ఆ గాలితోనే సంచీలోకి ఊదబడుతుంది. సంచీ మెడ దగ్గర రబ్బరు వాషరు లేదు. గుమ్మం ముందు ముగ్గు పిండి పీల్పిస్తే మెడ చుట్టూ తెల్ల వలయం పడింది. డిజైనుని ఏమీ అనను. 1908లో అమెరికాలో స్పాంగ్లర్ అనే ఆయన తీసుకున్న పేటెంట్ నాటి నుంచీ ఫ్యానూ, బ్రష్షూ, వెనక సంచీ ఇదే అమరిక. జంపఖానాలో ఇంకిన మట్టిని లాగడంలో దానికి వంక పెట్టలేం.

కొనే తీరాలంటే వీడియో కాల్ చెయ్యమనండి. ప్లగ్గు బోర్డులోంచి తీసేసి, స్విచ్చు ఆన్‌లో పెట్టి, మీటరు డయోడ్ గుర్తు మీదకి తిప్పించి, రెండు చిన్న పిన్నులకీ ప్రోబులు (మీటరు సూదులు) ఆనించమనండి. తర్వాత ప్రోబులు తారుమారు చెయ్యమనండి. రెండుసార్లూ సున్నాకి దగ్గరగా ఒకే అంకె రావాలి. ఒకసారి 0.5 దగ్గర, రెండోసారి ‘ఓఎల్’ (కరెంటు పోవడం లేదని) వస్తే లోపల డయోడ్ ఉన్నట్టే, కాల్ పెట్టేయండి. పెద్ద పిన్నుకీ లోహపు తలకీ మధ్య బీప్ రావాలి. 120 వోల్టులదే ముచ్చటైతే వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోండి, 600 వాట్ల మోటారుకి 1000 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యపు కొలత) కి తగ్గకుండా.

డయోడ్ మాత్రం ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తోంది. కావలసినవాళ్ళు చెప్పండి, పదకొండున్నర వేలే.